రాజమండ్రి గాలికి లెక్క ఎక్కడ?

ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. డెల్టాలో బడి ముఖం చూడని ముసలమ్మలకు కూడా ఈ అంకెలు తెలుసు. 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళు ఇప్పటికీ సంవత్సరాలను ఆ వరదకు ముందు, తరవాత అని చెప్పుకుంటారు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గరనుంచీ ఈ ప్రాంతం నీటికి లెక్క రాస్తూనే ఉంది. లెక్క ఉంది కాబట్టే కాలవకు నీళ్ళు తగ్గితే రైతు నిలదీయగలిగాడు, గట్టు బలహీనపడితే ఊరు ఊరంతా కదిలింది.

గాలికి మాత్రం ఆ లెక్క రాసినవాళ్ళు లేరు. రాజమండ్రి గాలి ఎప్పుడు ఎలా మారిందో రాయాలంటే కాగితం మీద దొరికేది చాలా తక్కువ, జ్ఞాపకాల్లో ఉన్నది చాలా ఎక్కువ. మన ఊళ్ళో గాలి కోసం జరగాల్సిన పోరాటం ఇన్నాళ్ళూ గట్టిపడకపోవడానికి ఇదే పెద్ద కారణమని నా నమ్మకం.

ఈ కథ పేపరు మిల్లుతో మొదలుపెట్టాలి. 1920ల్లో కర్ణాటిక్ పేపర్ మిల్స్ అనే పేరుతో గోదావరి ఒడ్డున పుట్టిన మిల్లు అది. తరవాత ఆంధ్రా పేపర్ మిల్స్ అయింది, కొంతకాలం ప్రభుత్వం నడిపింది, 1964లో ఆంధ్రప్రదేశ్ పేపర్ మిల్స్ కంపెనీ ఏర్పడింది. 2011లో అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ పేపర్ కొనుక్కుంది, 2019లో వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్ చేతికి వచ్చింది, 2020 నుంచి ఆంధ్రా పేపర్ లిమిటెడ్. బోర్డు మీద పేరు ఎన్నిసార్లు మారినా ఊరివాళ్ళకు అది మిల్లే. మల్లయ్యపేట, శ్రీరాంనగర్ చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళు ఆ జీతంతో లేచాయి, ఎందరో పిల్లలు ఆ జీతంతో చదువుకున్నారు. అందువల్ల ఈ ఊళ్ళో గాలి గురించి గొంతెత్తడం ఎప్పుడూ తేలిక కాలేదు. ఫిర్యాదు రాసే ఇంటికి పక్కిల్లు మిల్లు ఉద్యోగిది. ఆ మొహమాటాన్ని నేను తప్పుపట్టను. ఇరుగుపొరుగు అన్నాక అది ఉంటుంది.

కాకపోతే మిల్లులో ఏం జరుగుతుందో తెలుసుకుంటే మొహమాటం లేకుండా అడగవలసింది అడగవచ్చు. పూర్వం ఏజెన్సీ వెదురు, ఇప్పుడు ఎక్కువగా సరుగుడు, సుబాబుల్, జామాయిల్ కర్ర. దాన్ని చిన్న చిన్న ముక్కలు కొట్టి, కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపిన ద్రావణంలో డైజెస్టర్ అనే పెద్ద పాత్రలో ఒత్తిడి మీద ఉడికిస్తారు. కర్రలో పీచును పట్టి ఉంచే లిగ్నిన్ కరిగిపోయి గుజ్జు మిగులుతుంది. కరిగిన నల్లటి ద్రవాన్ని చిక్కబరిచి రికవరీ బాయిలర్‌లో మండిస్తారు. రసాయనాలు తిరిగి చేతికొస్తాయి, ఆవిరీ కరెంటూ వస్తాయి. చాలా తెలివైన పద్ధతి. దీనితో వచ్చే చిక్కు గంధకం. ఉడికేటప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్, మిథైల్ మెర్కాప్టన్ లాంటి వాయువులు పుడతాయి. మొదటిది కుళ్ళిన కోడిగుడ్డు కంపు, రెండోది కుళ్ళిన క్యాబేజీ కంపు. వందకోట్ల పాళ్ళ గాలిలో కొద్ది పాళ్ళున్నా మనిషి ముక్కు పట్టేస్తుంది. ఇది ఒక్క రాజమండ్రి సంగతి కాదు, ఇదే పద్ధతిలో గుజ్జు తీసే ప్రతి ఊరికీ ఉన్నదే.

దీనికి మందు కూడా ఉంది. ఆ వాయువులను గొట్టాలతో పట్టి, బాయిలర్‌లోనో సున్నపు బట్టీలోనో కాల్చేయడం. కాలిస్తే కంపు పోతుంది. పెద్ద పేపరు మిల్లులన్నీ ఈ ఏర్పాటు చేసుకోవాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2003లో పరిశ్రమలతో కుదుర్చుకున్న ఒప్పంద పత్రంలోనే రాసి ఉంది. కాబట్టి ఊరివాళ్ళు అడగవలసిన ప్రశ్న "వాసన ఎందుకొస్తోంది" అని కాదు. "ఫలానా రాత్రి ఫలానా గంటకు ఆ ఏర్పాటు పనిచేసిందా, లేదా" అని. అలా అడగాలంటే ఆ రాత్రి, ఆ గంట ఎవరో ఒకరు రాసిపెట్టి ఉండాలి.

అయినా అంతా మిల్లు మీదకు నెట్టడం న్యాయం కాదు. లాలాచెరువు, మోరంపూడి మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి రాత్రీ పగలూ నిద్రపోదు. చలికాలం తెల్లవారుజామున గాలి కదలక, డీజిల్ పొగా సందుల్లో చెత్త తగలబెట్టిన పొగా కిందనే పరుచుకుంటాయి. భోగి మంటల్లో తాటాకులకూ పిడకలకూ తోడు పాత టైర్లు వేసే అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో గానీ, అది మానాలి. ఇక ఇసుక. గోదావరి ఒడ్డున ఇసుక ర్యాంపు దగ్గర తడి ఇసుక నింపుకొన్న లారీ నీళ్ళు కార్చుకుంటూ ఊళ్ళోకి వస్తుంది. ఆ నీటితోపాటు సన్నటి ఒండ్రు రోడ్డు మీద గీతలా పడుతుంది. మధ్యాహ్నం ఎండకు ఆరుతుంది. వెనక వచ్చే లారీల చక్రాల కింద నలిగి పిండి అవుతుంది. సాయంత్రానికి అదే పిండి రోడ్డు పక్క మిరపకాయ బజ్జీల బండి మీద, అరటిపళ్ళ గెలల మీద, బడి నుంచి వచ్చే పిల్లల రెప్పల మీద ఉంటుంది. లారీ మీద టార్పాలిన్ కప్పినంత మాత్రాన ఇది ఆగదు. ర్యాంపు దగ్గరే నీళ్ళు ఓడనిచ్చి, చక్రాలు కడిగి పంపాలి.

పట్నం ఇలా సర్దుకుపోతూ ఉంటే, చుట్టుపక్కల పల్లెలు సర్దుకోలేదు. గాలి కోసం ఈ డెల్టాలో జరిగిన పోరాటాలు పల్లెలవే.

1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బద్దలై మంటలు లేచాయి. ఆర్పడానికి 65 రోజులు పట్టింది. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ అయ్యాయి, కొబ్బరి తోటలు మాడిపోయాయి. గ్యాసు మనకు వెలుగిస్తుందని మాత్రమే తెలిసిన కోనసీమకు, అది గాలిలో కలిస్తే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. 2014 జూన్ 27న అదే కోనసీమలోని నగరం అనే గ్రామంలో గెయిల్ గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి మించి బలయ్యారు. ఇవి ప్రమాదాలు. కానీ ఆ తరవాత డెల్టాలో ఏ పరిశ్రమ వస్తుందన్నా జనం ముందు అడిగేది గాలి సంగతీ నీటి సంగతీ.

భీమవరం దగ్గర తుందుర్రు, జొన్నలగరువు, కంసాలి బేతపూడి గ్రామాలు మెగా ఆక్వా ఫుడ్ పార్కు వద్దని కదిలాయి. ఆ పోరాటం ఎక్కువగా గొంతేరు కాలవ నీటి గురించే. 2016లో ఆ ఊళ్ళలో 144వ సెక్షన్ పెట్టారు, ఆడవాళ్ళను అరెస్టు చేశారు. మరుసటి ఏడాది మార్చి 30న అక్కడికి దగ్గరలోని మొగల్తూరు మండలంలో ఒక ఆక్వా ప్లాంటు ట్యాంకులోకి దిగిన ఐదుగురు కుర్రాళ్ళు విషవాయువు పీల్చి ప్రాణాలు వదిలారు. తుందుర్రు ఆడవాళ్ళు భయపడ్డది ఉత్తుత్తి భయం కాదని ఆ రోజు తేలింది.

రాజమండ్రికి ఇంకా దగ్గరిది బలభద్రపురం. బిక్కవోలు మండలంలో వరి పొలాల మధ్య ఊరు. అక్కడ కాస్టిక్ సోడా ఫ్యాక్టరీ తలపెట్టిన దగ్గరనుంచీ ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి వ్యతిరేకించారు, కేసులు మోశారు. ఉప్పునీటిలోకి కరెంటు పంపి కాస్టిక్ సోడా తీస్తారు. టన్ను సోడాకు దాదాపు తొమ్మిది క్వింటాళ్ళ క్లోరిన్ పుడుతుంది. ఆ క్లోరిన్ గురించే ఊరి భయమంతా. చివరకు ఆదిత్య బిర్లా గ్రూపుకు చెందిన గ్రాసిమ్ దాన్ని తీసుకుని పూర్తిచేసింది. 2022 ఏప్రిల్ 21న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి ప్రారంభించారు. జనం అభ్యంతరాల మేరకు సాంకేతికత మార్చామని ఆ రోజు వేదిక మీద చెప్పారు. ఊరి పోరాటం ఫ్యాక్టరీని ఆపలేకపోయి ఉండవచ్చు. కానీ ఆ మాట వేదిక మీద చెప్పక తప్పని పరిస్థితి తెచ్చింది.

2025 మార్చిలో అదే ఊళ్ళో క్యాన్సర్ కేసులు ఎక్కువగా ఉన్నాయన్న ఆందోళన రేగి, వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగి పరీక్షలు చేశాయి. జబ్బుకు కారణం గాలా, నీళ్ళా, పురుగుమందులా, పొగాకా అన్నది వాదించుకునే విషయం కాదు, కొలిచి చెప్పాల్సిన విషయం. ఫ్యాక్టరీ రాకముందు ఊరి గాలి ఎలా ఉండేది, వచ్చాక ఏటేటా ఎలా ఉంది అన్న లెక్క ఊరి చేతిలో ఉంటే తప్ప ఎవరూ ఏదీ తేల్చలేరు. అంతవరకూ ఊరు అనుమానంతో బతకాలి, కంపెనీ నిందతో బతకాలి.

చట్టం మనవైపు లేదనుకోవడం పొరపాటు. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో ఒక వార్డు జనం మురుగు కంపు, డిస్టిలరీ వ్యర్థాల కంపు భరించలేక మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళారు. డబ్బు లేదని మున్సిపాలిటీ సాకు చెప్పింది. 1980లో సుప్రీంకోర్టు ఆ సాకు చెల్లదని తేల్చింది. గెలిచింది పెద్ద సంస్థ కాదు, ఒక వీధి. మన హైకోర్టు ఇంకొక అడుగు ముందుకు వేసింది. 1987లో దామోదరరావు కేసులో, హైదరాబాదులో పార్కు కోసం కేటాయించిన స్థలంలో ఇళ్ళు కట్టడాన్ని ఆపుతూ, పాడైన గాలితో మనిషికి మెల్లగా విషమెక్కించడం కూడా 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని జస్టిస్ పి.ఎ. చౌదరి తీర్పు రాశారు. దేశంలో ఈ మాట ముందుగా చెప్పిన కోర్టుల్లో మన కోర్టు ఒకటి. ఈ సంగతి మన పిల్లల పాఠాల్లో ఉండాలి.

లెక్క రాయడం ఎలాగో పొరుగు రాష్ట్రం చూపించింది. తమిళనాడులో కడలూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడ పక్క పల్లెల జనం 2004లో ప్లాస్టిక్ బకెట్టులో ప్రత్యేకమైన సంచి అమర్చి, కంపు వచ్చిన క్షణాన గాలి పట్టి, పరీక్షకు అమెరికా ప్రయోగశాలకు పంపారు. వాసనల పుస్తకం కూడా పెట్టుకున్నారు: తేదీ, గంట, గాలి ఎటునుంచి, ఏ వాసన, ఎవరికి కళ్ళు మండాయి. చేపలు పట్టేవాళ్ళు, వ్యవసాయం చేసేవాళ్ళు రాసిన ఆ పుస్తకాన్ని అధికారులు పక్కన పెట్టలేకపోయారు.

రాజమండ్రికి ఇప్పుడు ఒక అవకాశం ఉంది. 2019లో మొదలైన జాతీయ శుద్ధవాయు కార్యక్రమం కింద, గాలి ప్రమాణాలు అందుకోలేని ఊళ్ళ జాబితాలో మన రాష్ట్రం నుంచి 13 ఉన్నాయి, అందులో రాజమండ్రి ఒకటి. జాబితాలో ఉండటం సిగ్గుపడాల్సింది కాదు. దాని పేరుతో నిధులు వస్తాయి, వాటికి లెక్క అడగవచ్చు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో వేసిన లెక్క ప్రకారం, దేశం మొత్తం మీద ఆ నిధుల్లో 64 శాతం రోడ్ల దుమ్ముకే ఖర్చయింది. పరిశ్రమల కాలుష్యానికి ఒక శాతం కూడా దక్కలేదు. మన నగరపాలక సంస్థ ఖర్చు ఏ తీరున ఉందో వార్డు సభల్లో అడగాలి.

మన ఊళ్ళో ఆనం కళాకేంద్రం దగ్గర గంటగంటకూ గాలిని కొలిచే యంత్రం ఉంది. కేంద్ర మండలి జాబితాలో, 'సమీర్' యాప్‌లో దాని పేరు ఆనంద్ కళాక్షేత్రం అని ఉంటుంది, ఆ పేరుతోనే వెతకాలి. ఘనమీటరు గాలిలో సన్నటి ధూళి (పీఎం 10) ఏడాది సగటు 60 మైక్రోగ్రాములు మించకూడదన్నది మన దేశపు హద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15. ఇంకా సన్నటి పీఎం 2.5కు మన హద్దు 40, వాళ్ళది 5. ఈ అంకెలు కూడా మనకు నోటికి రావాలి.

ఆ యంత్రం చెప్పలేనివి రెండున్నాయి. అది ఊరి మధ్య గాలిని చెబుతుంది, మల్లయ్యపేట గాలినీ మోరంపూడి గాలినీ చెప్పదు. రెండోది, దేశపు గాలి ప్రమాణాల్లో ఉన్న 12 కాలుష్యకాల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ గానీ మెర్కాప్టన్లు గానీ లేవు. అంటే వాసన యంత్రం లెక్కలోకి రాదు. అది మనమే రాయాలి.

2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు. ఘాట్లకూ రోడ్లకూ ప్రతిపాదనలు వెళ్ళే ఈ కాలంలోనే, మిల్లు వైపు ఒకటి, హైవే వైపు ఒకటి గాలి కొలిచే కేంద్రాలు కావాలని ప్రతి కాలనీ సంక్షేమ సంఘం ఒక అర్జీ రాయాలి. సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి, రసీదు తీసుకోవాలి. ప్రతి వీధిలో ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాలి. మిల్లులో పనిచేసేవాళ్ళు కూడా అందులో రాయాలి, వాళ్ళ పిల్లలు పీల్చేదీ ఈ గాలే. మా వీధిలో ఆ పుస్తకం నేను పెడుతున్నాను. మీ వీధిలో మీరు పెట్టండి, ఏడాదికొకసారి అన్నీ ఒకచోట చేర్చి కాలుష్య నియంత్రణ మండలి ముందు పెడదాం.