కవాటము తెరచు వేళ

సత్తెనపల్లి ప్రాంతపు ప్రత్తి, మిరప చేలలో కరెంటు మోటార్లు వ్యాపించుటకు పూర్వము బావినీరు తోడుటకు ఆయిలు ఇంజనులను వాడెడివారు. అట్టి ఇంజనులలో పేరుపొందిన లిస్టర్ ఇంజను ఇంగ్లండులో వెలువడినది. అది నిమిషమునకు 600 చుట్లు తిరిగి 5 అశ్వశక్తుల బలమునిచ్చెడిది. పందెపు కారు ఇంజను నిమిషమునకు 7000, 8000 చుట్లు తిరుగును. రెండింటిలోను సిలిండరు, పిస్టను, కవాటములు ఉన్నవి. అయినను మొదటిది దినమంతయు నింపాదిగా బరువు లాగును. రెండవది వేగమందే తన బలము చూపును. ఈ భేదమునకు గల కారణములలో ముఖ్యమైనది కవాటములు తెరచుకొని మూసుకొను వేళ.

1876లో జర్మనీ దేశస్థుడు నికొలస్ ఒట్టో నిర్మించిన ఇంజనులో పని నాలుగు దశలుగా జరుగును. పిస్టను దిగుచు గాలిని, ఇంధనమును లోనికి పీల్చును. పైకి పోవుచు నొక్కును. మంటకు క్రిందికి త్రోయబడును. మరల పైకి పోవుచు పొగను వెడలగొట్టును. గాలి వచ్చుటకు ప్రవేశ కవాటము, పొగ పోవుటకు నిర్గమ కవాటము కావలెను. నేటి ఇంజనులలో వీనిని తెరచునది కామ్‌షాఫ్టు. అది ఒక ఇరుసు; దానిపై కోడిగ్రుడ్డువలె ఒక ప్రక్క ఉబ్బిన కామ్‌లు ఉండును. ఉబ్బు వచ్చినప్పుడు కవాటము తెరచుకొనును. అది దాటగనే స్ప్రింగు దానిని మూయును. క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరిగినచో కామ్‌షాఫ్టు ఒక్క చుట్టు తిరుగును.

తొలుత ప్రవేశ కవాటమునకు కామ్ లేదు. 1885లో డైమ్లర్, మైబాఖ్‌లు చేసిన చిన్న ఇంజనులో పిస్టను పీల్పునకే ఆ కవాటము తెరచుకొనెడిది. వేగము హెచ్చినకొలది అది వెనుకబడెడిది. 1901లో మైబాఖ్ రూపొందించిన మెర్సిడెస్ కారులో ప్రవేశ కవాటములను కూడ కామ్‌షాఫ్టే నడిపినది. ఇక కవాటపు వేళ నిర్మాత చేతికి వచ్చినది.

ఆ వేళ ఎట్లుండవలెను? పిస్టను అడుగు చేరగనే ప్రవేశ కవాటమును మూయవలెనని తోచును. కాని పరుగున వచ్చు ఎద్దుబండి పగ్గము లాగిన వెంటనే నిలువదు, గాలియు నంతే. నిమిషమునకు 600 చుట్లు తిరుగు ఇంజనులో పిస్టను ఒకసారి క్రిందికి దిగుటకు సెకండులో 20వ వంతు పట్టును. 6000 చుట్లలో 200వ వంతే. ఆ వేగములో గొట్టములో దూసుకువచ్చు గాలి, పిస్టను పైకి మరలిన తరువాత కూడ లోనికి చొరబడుచునే యుండును. అందుచేత పందెపు ఇంజనులలో కవాటమును ఆలస్యముగా మూయుదురు. పొగ పోవుట ముగియకముందే ప్రవేశ కవాటమును తెరచుదురు. వెలుపలికి పోవు పొగ వేగమే క్రొత్తగాలిని లోనికి లాగును. ఎక్కువ గాలి చేరినచో ఎక్కువ ఇంధనము మండును, బలము పెరుగును.

1912 ఫ్రెంచి గ్రాండ్ ప్రీ పందెము కవాటముల ప్రాముఖ్యమును చాటినది. డియెప్ పట్టణమువద్ద రెండు దినములు, 1500 కిలోమీటర్లకు పైగా సాగిన ఆ పందెములో జార్జ్ బ్వాలో నడిపిన పెజో కారు గెలిచినది. దాని ఇంజను 7.6 లీటర్లది, రెండవస్థానము పొందిన ఫియట్ ఇంజను 14.1 లీటర్లది. పెజోలో ప్రతి సిలిండరునకు నాలుగు కవాటములు, వాని నెత్తిన రెండు కామ్‌షాఫ్టులు ఉండెను. గాలికి దారి వెడల్పయినది; ఒక్కొక్క కవాటము తేలికయై చురుకుగా కదలినది.

అయితే ఈ లాభము ఉచితముగా రాదు. వేగము తక్కువైనప్పుడు గాలికి ఆ దూకుడు ఉండదు. కవాటము ఆలస్యముగా మూసినచో లోనికి వచ్చిన గాలినే పిస్టను వెనుకకు నెట్టివేయును. కామ్‌షాఫ్టును క్రాంకుషాఫ్టుతో పోల్చి కొన్ని డిగ్రీలు ముందునకు త్రిప్పినచో ప్రవేశ కవాటము త్వరగా మూసుకొని తక్కువ వేగములో బలము హెచ్చును. వెనుకకు త్రిప్పినచో హెచ్చు వేగములో పెరుగును. ఒకచోట పొందినదానికి మరియొకచోట మూల్యము చెల్లింపవలెను. లెక్క మరీ తప్పినచో కొన్ని ఇంజనులలో కవాటము పిస్టనుకు తగిలి విరుగును.

ఈ బేరమును సడలించుటకు చాలకాలము పట్టినది. 1980లో ఇటలీకి చెందిన అల్ఫా రోమియో సంస్థ, ఇంజను నడుచుచుండగనే ప్రవేశ కామ్‌షాఫ్టును కొంత త్రిప్పు సాధనమును అమ్మకపు కారులో అమర్చినది. 1989లో జపానుకు చెందిన హోండా ఒకే ఇరుసుపై తక్కువ వేగమునకు ఒక తీరు కామ్‌లు, హెచ్చు వేగమునకు మరియొక తీరు కామ్‌లు ఉంచినది. వేగము పెరుగగనే నూనె పీడనముతో ఒక చీల జరిగి పెద్ద కామ్‌ను పనిలోనికి తెచ్చును. ఆ 1.6 లీటర్ల ఇంజను నిమిషమునకు 7600 చుట్లవద్ద 160 అశ్వశక్తులు ఇచ్చినది.

ఈ ఉపాయము 2018లో భారతదేశమున వెలువడిన యమహా 155 సీసీ మోటారు సైకిలులో కూడ చేరినది. నిమిషమునకు 7400 చుట్లు రాగానే అందు ప్రవేశ కవాటములు ఒక కామ్‌ను విడిచి మరియొక దానిని అనుసరించును. సత్తెనపల్లి నుండి గుంటూరు పోవు దారిలో అట్టి బండి ఊరిలో నింపాదిగా కదలి, ఊరు దాటి వేగమందుకొనునప్పుడు ఒకే ఇంజను రెండు వేళలను పాటించును. చేలోని ఆయిలు ఇంజనుకు మాత్రము ఒక్క వేళయే చాలినది; దాని పనికి వేగము ఒక్కటే.