పట్టాలు కలిసిన చోట నీరు: ఖరగ్‌పూర్ నేర్పే పాఠం



పట్టణాల చరిత్ర చదివేటప్పుడు మీరు ఒక సంగతి గమనించే ఉంటారు. రాజమహేంద్రవరం గోదావరి గట్టున వెలసింది. విజయవాడ కృష్ణ ఒడ్డున పెరిగింది. ముందు నీరు, తర్వాత ఊరు. ఇది పాత వరుస. రైల్వేలు వచ్చాక ఈ వరుస మారింది. పట్టాలు ఎక్కడ కలిస్తే అక్కడ ఊరు వెలసింది. నీటిని తర్వాత వెతుక్కోవలసి వచ్చింది. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ అటువంటి పట్టణమే. తాగునీటి సరఫరా ఆగిపోతే ఏమవుతుంది, దానికి ముందుగా ఎలా సిద్ధపడాలి అన్న ప్రశ్నలను ఈ పాఠంలో ఆ ఊరి ఆధారంగా పరిశీలిద్దాం.

ఎర్రనేల మీద ఊరు

1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడింది. 1898, 1900 సంవత్సరాల మధ్య ఆ కంపెనీ మార్గాలు ఖరగ్‌పూర్ వద్ద కలిశాయి. ఒక దారి కటకం మీదుగా మన కోస్తా వైపు, ఒకటి నాగపూర్ వైపు, ఒకటి హౌరా వైపు సాగాయి. కొద్ది సంవత్సరాలలోనే అక్కడ పెద్ద వర్క్‌షాపు వెలసింది. పని వెతుక్కుంటూ నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వేలాది తెలుగు కుటుంబాలు తరలివెళ్లాయి. నింపురా, మథురాకాటి వంటి పేటల్లో నేటికీ తెలుగు వినిపిస్తుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపిందంటే, అందుకు ఖరగ్‌పూర్ తెలుగువారే ముఖ్య కారణం.

ఈ ఊరు లాటరైట్ అనే ఎర్రరాతి నేల మీద ఉంది. మెరక నేల కాబట్టి వానాకాలంలో ముంపు భయం తక్కువ. కాని వేసవి వచ్చేసరికి నీరు అడుగంటుతుంది. ఆవిరి ఇంజను బొగ్గుతో పాటు నీటిని కూడా విపరీతంగా తాగుతుంది. అందువల్ల కొన్ని కిలోమీటర్లు ఉత్తరాన ప్రవహించే కంసావతి నది నుంచి పంపులతో నీటిని ఎక్కించవలసి వచ్చింది. స్థానికులు కాంసాయి అని పిలిచే ఈ నది ఛోటానాగపూర్ పీఠభూమి అంచున, పురూలియా జిల్లాలో పుడుతుంది. ఇది వానల మీద ఆధారపడిన నది. శ్రావణంలో పొంగుతుంది, వైశాఖంలో ఇసుక మేటలు తేలుతాయి.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఊరు ఒకచోట, నీరు వేరొకచోట. నడుమ పంపు, గొట్టం, ఎత్తు ట్యాంకు. వీటిలో ఏ ఒక్కటి ఆగినా ఊరంతటికీ దాహమే. అంటే నీటి ఆపద వచ్చే దారులు పట్టణంతో పాటే పుట్టాయన్నమాట.

మరిడమ్మ, ఓలాబిబి

నీరు లేకపోవడం ఒక ఆపద. చెడిన నీరు అంతకంటే పెద్ద ఆపద. ఉత్తరాంధ్రలో కలరాను మరిడి అన్నారు, మరిడమ్మను కొలిచారు. బెంగాల్‌లో అదే భయం ఓలాబిబి, ఓలాయిచండి అన్న పేర్లతో పూజలందుకుంది. భాషలు వేరైనా రెండు ప్రాంతాల ప్రజలూ ఒకే శత్రువును చూశారు.

ఆ శత్రువు ఎక్కడ దాగి ఉందో తేల్చిన పరిశోధనల్లో ముఖ్యమైనవి బెంగాల్‌లోనే జరిగాయి. 1884లో రాబర్ట్ కోఖ్ కలకత్తాలో, ప్రజలు తాగడానికీ స్నానానికీ వాడే ఒక చెరువు నీటిలో కలరా క్రిమిని చూశాడు. 1959లో శంభునాథ్ దే ఆ క్రిమి విడుదల చేసే విషం పేగులపై ఎలా పనిచేస్తుందో అక్కడే నిరూపించాడు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన బన్‌గావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని రోగుల బంధువుల చేతనే తాగించాడు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు తగ్గాయి. ఆ ద్రావణం తయారుచేయడానికీ పరిశుభ్రమైన నీరే కావాలన్నది గుర్తుంచుకోండి.

ఆపద ఎన్ని దారుల్లో వస్తుంది?

మొదటిది, మూలమే చెడిపోవడం. 1942 అక్టోబరు 16న మేదినీపూర్ జిల్లా తీరాన్ని తుపాను ముంచెత్తింది. ఉప్పెన కాంటై, తమ్లూక్ ప్రాంతాల చెరువుల్లోకి ఉప్పునీటిని తెచ్చింది, కళేబరాలు నీటిని పాడుచేశాయి. చుట్టూ నీరే, తాగడానికి చుక్క లేదు. తుపాను వెంట అంటువ్యాధులు వచ్చాయి.

రెండవది, కరెంటు పోవడం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు జలాశయాల్లో నీరు ఉండగానే కుళాయిలు ఆగిపోయాయి. 2020 మే 20న వచ్చిన అంఫన్ తుపాను తర్వాత కోల్‌కతాలోని పలు ప్రాంతాల్లోనూ ఇదే జరిగింది. స్తంభాలు పడితే పంపులు తిరగవు.

మూడవది, కంటికి కనిపించనిది. గొట్టంలో నీరు నిండుగా, ఒత్తిడితో ఉన్నంతసేపు చిల్లు ఉన్నా నీరు బయటికే కారుతుంది. సరఫరా ఆపగానే ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు అదే చిల్లు గుండా పక్కనున్న మురుగు లోపలికి వస్తుంది. రోజుకు గంటో రెండు గంటలో నీరు వదిలే పట్టణాలన్నింటికీ ఈ ప్రమాదం ఉంది.

నీళ్ల రైలు లెక్క

ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణం గురించి మాట్లాడుతూ నీళ్ల రైళ్లను మరచిపోలేం. 2016 ఏప్రిల్‌లో మహారాష్ట్రలోని మిరజ్ నుంచి లాతూరుకు మొదటి రైలు 10 వ్యాగన్లలో 5 లక్షల లీటర్లు తీసుకెళ్లింది. ఆ వ్యాగన్లను కోటా వర్క్‌షాపులో ముందుగా ఆవిరితో శుభ్రపరిచారు. 2019 జులైలో జోలార్‌పేట నుంచి చెన్నైకి 50 వ్యాగన్లతో, రైలుకు 25 లక్షల లీటర్ల చొప్పున పంపారు.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఆపత్కాలంలో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు కావాలని అంతర్జాతీయ సహాయ సంస్థలు అంటాయి. 2 లక్షల జనాభా గల పట్టణానికి 30 లక్షల లీటర్లు. అంటే 50 వ్యాగన్ల రైలు ఒకటి రోజూ వచ్చినా చాలదు. మామూలు రోజుల్లో మనిషికి 135 లీటర్ల లెక్కన అదే పట్టణానికి 2 కోట్ల 70 లక్షల లీటర్లు కావాలి. రైలు ప్రాణం నిలబెడుతుంది, ఊరిని నడపలేదు. ఆపద వచ్చాక చేసే సాయం ఎంత గొప్పదైనా, ముందుగా చేసుకున్న ఏర్పాటుకు అది సాటిరాదు.

ముందుగా ఏం చేయాలి?

పట్టణం చేయవలసినవి నాలుగు. నీటికి ఒకటికి మించిన మూలాలు ఉండాలి. పంపులకు జనరేటరు, దానికి డీజిలు సిద్ధంగా ఉండాలి. ఎత్తు ట్యాంకులు తుపాను హెచ్చరిక రాగానే నిండాలి. ఆసుపత్రికి, బడికి, ట్యాంకరు వెళ్లలేని ఇరుకు సందుకు ఎవరు నీరు చేరుస్తారో ముందే రాసి ఉండాలి. ఖరగ్‌పూర్‌లో మరొక చిక్కు ఉంది. 1954లో పురపాలక సంఘం ఏర్పడినా, రైల్వే కాలనీ చాలాకాలం రైల్వే పాలనలోనే సాగింది. ఒకే ఊరికి ఇద్దరు యజమానులు ఉన్నప్పుడు ఆపదలో ఎవరి గొట్టం ఎవరికి తోడవుతుందో శాంతి సమయంలోనే తేల్చుకోవాలి. హెచ్చరిక కూడా బెంగాలీ, తెలుగు, హిందీ, ఒడియా ఇళ్లన్నింటికీ వారి వారి భాషల్లో చేరాలి. అర్థం కాని హెచ్చరిక హెచ్చరిక కాదు.

ఇంట్లో చేయవలసినవి మీకు తెలిసి ఉండాలి. నీటిని తెర్లించి కనీసం ఒక నిమిషం మరగనివ్వండి. బావికైతే 1,000 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మేలైన బ్లీచింగ్ పౌడరు కలిపి, గంటసేపు ఆగి వాడాలి. మురికిగా ఉన్న నీటిని ముందు వడకట్టాలి, లేకపోతే క్లోరిన్ ఆ మురికితోనే ఖర్చయిపోతుంది. మూత తెరిచి ఉంచిన బ్లీచింగ్ పౌడరు బలం కోల్పోతుంది. సరఫరా ఆగి మళ్లీ మొదలైనప్పుడు వచ్చే తొలి నీటిని తాగవద్దు.

విద్యార్థులారా, రేపు మీ ఊళ్లో మూడు విషయాలు తెలుసుకోండి. మీ కుళాయి నీరు ఏ నది నుంచి లేదా ఏ బోరు నుంచి వస్తోంది? కరెంటు పోతే మీ ట్యాంకు ఎన్ని గంటలు ఆదుకుంటుంది? మీ వీధిలో నీళ్లు మోసుకోలేని ముసలివారు ఎవరు? మొదటి రెండు ప్రశ్నలకు జవాబు పురపాలక కార్యాలయంలో దొరుకుతుంది. మూడవదానికి జవాబు మీ దగ్గరే ఉండాలి. నూరేళ్ల క్రితం తెలియని ఊరికి వెళ్లిన మనవాళ్లు పొరుగువారిని నమ్ముకునే నిలదొక్కుకున్నారు. నీటి ఆపదలోనూ ముందుగా తలుపు తట్టేది పొరుగువారే.