పడవలోకి నీరు: కోరమాండల్ తీరపు కుట్టు పడవల నుంచి ఒక చరిత్ర పాఠం

1. పరిచయం

మీలో చాలామంది గోదావరి మీదనో, కృష్ణ మీదనో చెక్క పడవ ఎక్కే ఉంటారు. పడవ అడుగున కాస్త నీరు నిలిచి ఉండడం, ఒకరు డబ్బాతో ఆ నీటిని తోడిపోస్తూ ఉండడం చూసే ఉంటారు. చెక్క పడవ అన్నాక ఎంతో కొంత నీరు కారుతుంది. ఆ కారుదలను కనిపెట్టడం, ఆపడం, ఆపలేనప్పుడు దానితో బతకడం సముద్ర చరిత్రలో పెద్ద అధ్యాయమే. అయినా రాజులు, యుద్ధాలు, ఒప్పందాలకు పాఠ్యపుస్తకాల్లో దొరికిన చోటు దీనికి దొరకలేదు.

మన తూర్పు తీరంలో మేకులు లేకుండా కుట్టిన పడవలు శతాబ్దాల పాటు తిరిగాయి. అవి నీరు కారేవి. బయటి నుంచి వచ్చినవారు ఆ కారుదలను చూసి అవి నాసిరకం పడవలని తేల్చారు. ఆ తీర్పు ఎంతవరకు నిలుస్తుందో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

2. మేకులు ఎందుకు లేవు? రెండు పాత వివరణలు

హిందూ మహాసముద్రంలో ఓడలను తాళ్ళతో కుట్టేవారనడానికి ఆధారాలు చాలా పాతవి. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు రచన ‘పెరిప్లస్’ కుట్టిన పడవలను ప్రస్తావిస్తుంది. 1998లో ఇండోనేషియాలోని బెలితుంగ్ దీవి దగ్గర బయటపడిన 9వ శతాబ్దపు ఓడ కూడా కుట్టినదే. 13వ శతాబ్దం చివరలో హొర్ముజ్ ఓడలను చూసిన మార్కో పోలో, వాటిని కొబ్బరి పీచు తాడుతో కుడతారనీ, వాటిలో ప్రయాణం ప్రమాదకరమనీ రాశాడు.

ఇనుప మేకులు ఎందుకు వాడలేదనే ప్రశ్నకు రెండు వివరణలు చాలాకాలం ప్రచారంలో ఉన్నాయి. సముద్రంలోని అయస్కాంతపు కొండలు మేకులను లాగేస్తాయన్నది మొదటిది. 6వ శతాబ్దపు బైజాంటైన్ చరిత్రకారుడు ప్రొకోపియస్ దీన్ని అప్పుడే తోసిపుచ్చాడు. ఇనుము వాడిన రోమన్ ఓడలకు ఆ సముద్రంలో ఏ ఆపదా రావడం లేదు కదా అన్నది అతని వాదన. అయితే దాని స్థానంలో అతను రెండో వివరణ పెట్టాడు: భారతీయుల దగ్గర ఇనుము లేదు!

ఈ రెండోదాన్ని మీరే పరీక్షించండి. భారతదేశపు ఇనుము, ఉక్కు ఎర్ర సముద్రపు రేవులకు దిగుమతి అయ్యేవని ‘పెరిప్లస్’ చెబుతుంది. ఢిల్లీ ఇనుప స్తంభం గుప్తుల కాలానిది. తరువాతి కాలంలో మన నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రం ఉక్కు పర్షియా కత్తుల తయారీకి వెళ్ళింది. కాబట్టి ఇనుము లేక కుట్టారన్న మాట నిలవదు. మేకు ఉండీ తాడు ఎంచుకున్నారంటే కారణం పడవ చేసే పనిలో వెతకాలి.

3. మసూలా పడవ: కారుతూనే పనిచేసిన పడవ

1639లో ఈస్ట్ ఇండియా కంపెనీ మద్రాసులో స్థిరపడినప్పుడు అక్కడ ఓడరేవు లేదు. ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసేవి. మనుషులు, సరుకు ఒడ్డు చేరాలంటే విరుచుకుపడే కెరటాలను దాటాలి. మేకులతో బిగించిన యూరోపియన్ పడవలు ఆ కెరటాల్లో నేలకు కొట్టుకుని పగిలిపోయేవి. అక్కడ పనికొచ్చింది మసూలా పడవ. ఈ పేరు మచిలీపట్నం నుంచి వచ్చిందని కొందరు అంటారు, కానీ దీనిపై ఏకాభిప్రాయం లేదు.

దీని నిర్మాణాన్ని గమనించండి. పలకలను అంచుకు అంచు ఆనించి, అంచుల వెంట రంధ్రాలు చేస్తారు. సందు మీద ఎండుగడ్డి లాంటి మెత్తని దిండు పెట్టి, దాని మీదుగా కొబ్బరి తాడుతో బిగించి కుడతారు. లోపల పక్కటెముకల్లాంటి గట్టి చట్రం ఉండదు. అందువల్ల అడుగు ఇసుకకు కొట్టుకున్నప్పుడు పడవ విరగదు, వంగుతుంది. అలా వంగే ప్రతిసారీ సందులు కాస్త తెరుచుకుని నీరు లోపలికి వస్తుంది. అంటే పడవను కాపాడే గుణమూ, నీటిని రానిచ్చే గుణమూ ఒకటే. సందులను బిర్రుగా మూసేస్తే కారడం తగ్గవచ్చు, కానీ వంగే శక్తి కూడా పోతుంది.

1834లో అచ్చయిన ఒక వ్యాసంలో జాన్ ఎడై అనే బ్రిటిష్ ఓడల నిపుణుడు ఈ పడవల పొడవు 30 నుంచి 35 అడుగులని రాశాడు. తెడ్లు వేసేవారికి తోడు, నీళ్ళు తోడిపోయడానికే మనుషులు ఉండేవారు. ఇక్కడ ఒక విషయం మరిచిపోకండి. తాడు కుట్టు వల్ల వచ్చే లాభం వ్యాపారిది. దాని ఖర్చు మాత్రం వంగి నీళ్ళు తోడే మనిషి నడుము భరించింది. ఆ పడవలెక్కిన దొరల పేర్లు రికార్డుల్లో దొరుకుతాయి, తోడినవారి పేర్లు దాదాపు దొరకవు.

4. కారే చోటు కనిపెట్టడం

పడవ అడుగున నీరు ఎక్కడ నిలిచిందో అక్కడే చిల్లు ఉందనుకోవడం పొరపాటు. నీరు ఎక్కడో దూరి, చెక్క వెంట జారి, పల్లంలో చేరుతుంది. అందుకే పడవను ఒడ్డుకు లాగి, ఆరబెట్టి, లోపల నీళ్ళు పోసి, బయటి వైపు ఎక్కడ చుక్కలు కడుతున్నాయో చూసి గుర్తు పెట్టుకునే పద్ధతి ఉంది. ఎండకు చెక్క కుంచించుకుపోయి కారుతుంటే, కొంతసేపు నానబెడితే ఉబ్బి సందు దానంతటదే మూసుకుంటుంది. అప్పటికీ కారితే పీచు కూరి, గుగ్గిలం, నూనె కలిపి పూయాలి. కుట్టు పడవలోనైతే పాడైన తాడు విప్పి మళ్ళీ కుట్టాలి.

ఇతర నాగరికతలు వేరే దారులు వెతికాయి. చైనా ఓడల్లో సున్నం, నరికిన జనుము, చెట్టు నూనె కలిపి సందులు పూడ్చేవారనీ, ఓడను లోపల గదులుగా విడదీసి ఒక గదిలోకి వచ్చిన నీరు మరో గదిలోకి పోకుండా చూసేవారనీ మార్కో పోలో రాశాడు. కారుదలను ఆపే ప్రయత్నంతో పాటు, ఆపలేకపోతే నష్టాన్ని ఒక గదికే పరిమితం చేసే ఏర్పాటు కూడా ఇందులో ఉంది.

5. మేకుల ఓడలు కారలేదా?

మేకుల ఓడలూ కారాయి. ఉష్ణ సముద్రాల్లో చెక్కను తొలిచే ఓడపురుగు వాటికి పెద్ద శత్రువు. దాన్ని ఆపడానికి బ్రిటిష్ నౌకాదళం 1761లో ‘అలారం’ అనే ఓడ అడుగున రాగి రేకులు తొడిగింది. పురుగు ఆగింది. కానీ ఉప్పునీటిలో రాగికి తగిలిన ఇనుప మేకులు వేగంగా తినుకుపోయాయి. ఒక కారుదలకు చేసిన వైద్యం మరో కారుదలకు దారి తీసింది.

1782 ఆగస్టు 29న ఇంగ్లండులోని స్పిట్‌హెడ్ వద్ద ‘రాయల్ జార్జ్’ అనే 100 ఫిరంగుల యుద్ధనౌకను, నీటిమట్టం కింది చిన్న మరమ్మతు కోసం ఒక పక్కకు ఒరిగించారు. ఓడ మునిగి 800కు పైగా జనం చనిపోయారు. చెక్క కుళ్ళిపోవడమే కారణమని సైనిక న్యాయస్థానం తేల్చింది. ఎక్కువగా ఒరిగించడం వల్ల ఫిరంగుల కిటికీల గుండా నీరు వచ్చిందని మరికొందరు వాదించారు. మొదటి వివరణ ప్రకారం తప్పు ఓడను అలా ఉంచిన యంత్రాంగానిది, రెండోదాని ప్రకారం ఆనాటి అధికారులది. నీరు ఎక్కడి నుంచి వచ్చిందన్న సాంకేతిక ప్రశ్న వెనుక బాధ్యత ఎవరిదన్న ప్రశ్న ఉంది.

మన తీరంలో మేకుల ఓడలకు పేరుపొందిన చోటు గోదావరి ముఖద్వారంలోని కోరంగి. 18, 19 శతాబ్దాల్లో అక్కడ ఓడలు కట్టేవారు, దెబ్బతిన్న ఓడలను బాగుచేసేవారు. 1789, 1839 ఉప్పెనలు, నదీముఖం పూడిపోవడం ఆ రేవును దెబ్బతీశాయి. బర్మా వెళ్ళిన తెలుగువారిని అక్కడ ‘కొరంగీలు’ అని పిలవడంలో ఆ రేవు పేరు మిగిలింది.

6. సారాంశం

కుట్టు పడవ వెనుకబాటుతనానికి గుర్తు కాదు. కెరటాలు కొట్టే, రేవులేని తీరానికి అది తగిన సమాధానం. మద్రాసులో కృత్రిమ రేవు వచ్చి, 1933లో విశాఖ రేవు తెరుచుకున్నాక సరుకు రవాణాలో దాని అవసరం తగ్గింది. నేడు మన తీరంలో ఫైబర్ పడవలు తిరుగుతున్నాయి. వాటిలోనూ సన్నని పగులు దూరం నుంచి కనిపించదు, చేత్తో తడిమి వెతకాల్సిందే.

ఒక సాంకేతికతను అంచనా వేసేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి: అది ఏ పరిస్థితికి తయారైంది? దాని లోపం ఏ లాభంతో ముడిపడి ఉంది? ఆ లోపం భారాన్ని ఎవరు మోశారు?

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కుట్టు పడవల గురించి ప్రొకోపియస్ ఇచ్చిన వివరణను ఏ ఆధారాలతో ఖండించవచ్చు?
2. మసూలా పడవ నీరు కారడానికీ, కెరటాల్లో విరగకపోవడానికీ ఉన్న సంబంధాన్ని వివరించండి.
3. మీ ఊరికి దగ్గరలో పడవలు కట్టేవారు గానీ బాగుచేసేవారు గానీ ఉంటే వారితో మాట్లాడి, కారుదలను ఎలా కనిపెడతారో, ఏ పదార్థాలు వాడతారో ఒక పేజీలో రాయండి. చెప్పినవారి అనుమతితో వారి పేరు కూడా రాయండి.