నీళ్లు ముందు, షికారు తర్వాత: హుస్సేన్ సాగర్ నాలుగున్నర శతాబ్దాల కథ

సాయంత్రమైతే బేగంపేట, అమీర్‌పేట, పంజగుట్ట వాసులకు కాస్త గాలి దొరికే చోటు హుస్సేన్ సాగర్ ఒడ్డు. ఆ నీళ్లు తమంతట తాముగా అక్కడ చేరినవి కావు. మనుషులు కాలువ తవ్వి తెచ్చినవి, కట్ట వేసి ఆపినవి. షికారు తర్వాత వచ్చింది. ఈ వరుస మరిచిపోయిన రోజు నుంచే సాగర్‌కు కష్టాలు మొదలయ్యాయి.

హైదరాబాద్ నగరం 1591లో పుట్టింది. సాగర్ అంతకు దాదాపు మూడు దశాబ్దాల ముందే, 1560ల తొలినాళ్లలో వెలిసింది. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా పాలనలో హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో కట్ట కట్టారు. ఆయన పేరే చెరువుకు నిలిచింది. ఆయన దర్గా షేక్‌పేట దగ్గర ఇప్పటికీ ఉంది. వానల మీదే ఆధారపడకుండా మూసీ నీటిని కాలువ ద్వారా చెరువుకు మళ్లించారు. అదే బల్కాపూర్ కాలువ. లండన్ వాసులకు తాగునీరు తెచ్చిన న్యూ రివర్ అనే కృత్రిమ నది 1613లో పూర్తయింది. మన కాలువ దానికన్నా సుమారు అర్ధ శతాబ్దం పాతది.

సుమారు 5.7 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న ఈ చెరువు చాలాకాలం ఊరికి ముఖ్యమైన నీటి వనరు. 1806లో సికింద్రాబాద్ ఏర్పడ్డాక రెండు ఊళ్ల నడుమ ఈ కట్టే దారి అయింది. కంటోన్మెంట్‌లోని ఆంగ్ల అధికారులు తెరచాప పడవలతో ఇక్కడ సరదాకు కొత్త రూపం తెచ్చారు.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. ఆ తర్వాత 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. తాగునీటి భారం వాటి మీదికి మారింది. నీటి కోసం సాగర్ వైపు చూసే అవసరం తగ్గేసరికి, అందులోకి ఏ నీరు వస్తోందన్న పట్టింపూ తగ్గింది. కథ మలుపు తిరిగింది ఇక్కడే.

ఆ తర్వాతి చరిత్ర ఎక్కువగా ఒడ్డు చరిత్ర. 1946లో హైదరాబాద్ సంస్థాన ప్రధాని మీర్జా ఇస్మాయిల్ హయాంలో కట్ట రోడ్డును, అంటే ట్యాంక్‌బండ్‌ను, వెడల్పు చేశారు. 1980లలో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెలుగు వెలుగుల విగ్రహాలను ట్యాంక్‌బండ్ మీద నిలిపింది. రాయగిరి కొండరాతిలో చెక్కించిన సుమారు 18 మీటర్ల బుద్ధుడి ప్రయాణం మాత్రం విషాదం మీదుగా సాగింది. 1990 మార్చి 10న విగ్రహాన్ని సాగర్ నడుమకు తీసుకెళ్తున్న బార్జ్ ఒరిగి మునిగింది, మనుషుల ప్రాణాలు పోయాయి. నీటి అడుగు నుంచి విగ్రహాన్ని పైకి తీసి 1992 డిసెంబరు 1న నిలబెట్టారు. 1994లో లుంబిని పార్కు, ఆ దశాబ్దం చివర్లో నెక్లెస్ రోడ్డు వచ్చాయి. 2003లో ఎంఎంటీఎస్ రైలు మొదలయ్యాక బేగంపేట తర్వాతి స్టేషన్‌లో దిగితే చాలు, సాగరే. 2021 ఆగస్టు నుంచి ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపి పిల్లాపాపలకు వదిలారు. 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ కార్లు ఈ ఒడ్డునే పరుగెత్తాయి. వానాకాలపు గాలికి ఏటా తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. హైదరాబాద్ యాచ్ క్లబ్ పేద పిల్లలకు పడవ నడపడం నేర్పి జాతీయ పోటీలకు పంపుతోంది. నీటి మీద జరిగే మంచి పనుల్లో ఇది నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది.

కానీ ఆ పిల్లల పడవ కింద ఉన్న నీరు ఎలాంటిది? సాగర్‌లోకి వచ్చేవి ముఖ్యంగా నాలుగు నాలాలు: కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్. కూకట్‌పల్లి నాలా బాలానగర్, ఫతేనగర్ మీదుగా బేగంపేట ఇళ్ల పక్క నుంచే వస్తుంది. పరిశ్రమల వ్యర్థాలు, ఇళ్ల మురుగు దశాబ్దాల పాటు దానిలో కలిశాయి. పికెట్ నాలా రసూల్‌పురా వైపు నుంచి, బంజారా నాలా పంజగుట్ట వైపు నుంచి దిగుతాయి. నాలాల మీదికి కట్టడాలు వచ్చి దారి ఇరుకైంది. 2000 ఆగస్టు 24న సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు బేగంపేట కాలనీలు మునిగాయి. నాలాను మరిచిన ఊరికి నాలాయే తన దారి గుర్తుచేసింది.

జపాన్ రుణంతో ప్రక్షాళన పథకం నడిచింది. మురుగు శుద్ధి కేంద్రాలు కట్టారు. కూకట్‌పల్లి నాలా మురుగును అంబర్‌పేట శుద్ధి కేంద్రం వైపు మళ్లించారు. మళ్లింపు అవసరమే, కానీ అది సగం వైద్యం. మురుగును తప్పించినంత మాత్రాన చెరువుకు ప్రాణం రాదు. శుద్ధి చేసిన నీరో, మంచి వాన నీరో లోపలికి రావాలి. ముందు చెప్పిన న్యూ రివర్ నేటికీ లండన్ నీటి సరఫరాలో భాగం. అందుకే దాని శుభ్రతకు ఒక కాపలా ఉంది, గట్టు వెంట నడకదారీ ఉంది. పని చేసే నీటి పక్కన షికారు చేసుకోవచ్చు.

ఒడ్డున ఇంకో పార్కు, ఇంకో ఫౌంటెన్ కట్టే ముందు ఆ డబ్బు నాలాలకు ఖర్చు పెట్టాలి. ప్రతి నాలా సాగర్‌ను కలిసే చోట నీటి నాణ్యతను కొలిచి, ఆ అంకెలను తెలుగులో బోర్డు మీద రాసి పెట్టాలి. మన వంతు కూడా ఉంది. బేగంపేటలోనో పంజగుట్టలోనో మన వీధి నాలాలో పడేసే ప్రతి సంచీ సాగర్‌కే చేరుతుంది. ఈసారి నెక్లెస్ రోడ్డుకు వెళ్లినప్పుడు బుద్ధుణ్ణి చూసే ముందు కూకట్‌పల్లి నాలా సాగర్‌లో కలిసే చోటు చూడండి. చూసిన సంగతి మీ కార్పొరేటర్‌కు చెప్పండి, జవాబు వచ్చేదాకా అడగండి.