లాగ్‌బుక్‌లో ఖాళీ పేజీలు: కోవిడ్ కాలం, దక్షిణ తెలంగాణలో ఎముకల వైద్య శిక్షణ

నల్లగొండ పేరు ఎముకల వైద్య సాహిత్యంలోకి ఏనాడో ఎక్కింది. 1955లో సిద్దిఖీ ఈ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 1973లో కృష్ణమాచారి, కృష్ణస్వామి అనే పరిశోధకులు ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోయే వైకల్యాన్ని లాన్సెట్‌లో వివరించారు. ఇలాంటి దక్షిణ తెలంగాణ నేల మీద ఆర్థోపెడిక్స్ పీజీ చేసేవారికి రోగులే రెండు రకాల పాఠాలు చెబుతారు. విజయవాడ, బెంగళూరు హైవేల మీద విరిగిన ఎముకలు ఒకటి. ఏళ్ల తరబడి వంగిన కాళ్లు, అరిగిన కీళ్లు రెండోది. కోవిడ్ మొదటి పాఠాన్ని కుదించింది, రెండోదాన్ని దాదాపు ఆపేసింది. ఆ నష్టాన్ని మన వైద్య విద్య గడిచిన కాలంతో కొలిచిందే తప్ప, చేసిన ఆపరేషన్లతో కొలవలేదు.

2020 మార్చి 20న కేంద్ర ఆరోగ్య శాఖ, అత్యవసరం కాని ఆపరేషన్లను వాయిదా వేయమని ఆసుపత్రులకు సూచించింది. మోకీలు మార్పిడి, ఆర్థ్రోస్కోపీ, వంకర సరిచేసే ఆపరేషన్లు అన్నీ ఆ జాబితాలోకే వచ్చాయి. ప్రపంచమంతటా ఇదే పరిస్థితి. తొలి విజృంభణ ఉచ్ఛస్థితిలో ఉండే 12 వారాల్లో సుమారు 2.84 కోట్ల ఆపరేషన్లు వాయిదా పడతాయని, వాటిలో 63 లక్షలు ఎముకలు, కీళ్లవేనని కోవిడ్‌సర్జ్ పరిశోధక బృందం అంచనా వేసింది. అన్ని విభాగాల్లోకీ పెద్ద వాటా ఆర్థోపెడిక్స్‌దే.

ప్రమాదాల కేసులు మాత్రం రాక మానలేదు, తగ్గాయంతే. దేశంలో 2019లో 4,49,002 రోడ్డు ప్రమాదాలు జరిగితే, 2020లో 3,66,138 జరిగాయి. కానీ కేసు రావడం వేరు, ఆ కేసులో పీజీ చేయి పడటం వేరు. డ్రిల్లు, రంపం తిరిగినప్పుడు రక్తపు తుంపరలు గాలిలోకి లేస్తాయి. అందుకే ఓటీలో వీలైనంత తక్కువ మంది ఉండాలని, అనుభవజ్ఞులే త్వరగా ముగించాలని నాటి మార్గదర్శకాలు చెప్పాయి. అది న్యాయమైన జాగ్రత్తే. ఆపరేషన్‌కు కాస్త అటూ ఇటూగా కోవిడ్ సోకినవారిలో 23.8 శాతం మంది 30 రోజుల్లోపే చనిపోయారని కోవిడ్‌సర్జ్ బృందమే లాన్సెట్‌లో వెల్లడించింది. ఆ జాగ్రత్త వల్ల బయట మిగిలినవాళ్లు నేర్చుకునే పీజీలు. మొదటి ఏడాది రిట్రాక్టర్ పట్టుకుని, రెండో ఏడాది సీనియర్ పక్కన రాడ్ వేసి, మూడో ఏడాది తానే ముందుండి చేయాల్సిన క్రమం తెగిపోయింది.

హైదరాబాద్‌లో గాంధీ ఆసుపత్రి 2020లోనూ, మళ్లీ 2021 ఏప్రిల్‌లోనూ పూర్తిగా కోవిడ్‌కే పరిమితమైంది. ఆ భారాన్ని ఇతర ఆసుపత్రులకూ పంచాలని 2020 జూన్‌లో అక్కడి జూనియర్ డాక్టర్లు రోడ్డెక్కారు. ఎముకల విభాగమైనా, కంటి విభాగమైనా పీజీలు పీపీఈ కిట్లు వేసుకుని ఆక్సిజన్ వార్డుల్లో నిలబడ్డారు. ఆ సేవకు సమాజం రుణపడే ఉంది.

తరగతులు జూమ్‌లోకి మారాయి. ఎక్స్‌రే చదవడం, వర్గీకరణలు, చర్చలు తెరమీద బాగానే సాగాయి. వీలైనచోట ఆపరేషన్ లేకుండా ఎముక సరిచేసి ప్లాస్టర్ వేయమన్న సూచనల వల్ల పాత విద్య ఒకటి మళ్లీ చేతికొచ్చింది కూడా. స్క్రూ ఎంత బిగిస్తే ఎముక పట్టు దొరుకుతుందో మాత్రం తెర చెప్పలేదు.

ఇక కాలం సంగతి. 2021 ఏప్రిల్ 18న జరగాల్సిన పీజీ ప్రవేశ పరీక్ష నీట్ పీజీ సెప్టెంబర్ 11న జరిగింది. కోర్టు వివాదంతో కౌన్సెలింగ్ 2022 జనవరికి గాని మొదలు కాలేదు. కొత్త బ్యాచ్ వచ్చేదాకా చివరి ఏడాది పీజీల సేవలు కొనసాగించాలని 2021 మేలో కేంద్రం నిర్ణయించింది. ఆ అదనపు నెలల లక్ష్యం కోవిడ్ సేవే, ఆపరేషన్ శిక్షణ కాదు. దీనికి భిన్నంగా బ్రిటన్‌లో ఆర్థోపెడిక్ శిక్షణ ముగిసేసరికి, చేసిన ఆపరేషన్లు రాసుకునే లాగ్‌బుక్‌లో 1,800 ఆపరేషన్లు ఉండాలన్నది అప్పటి నియమం. కోవిడ్ వల్ల వెనుకబడినవారికి ‘అవుట్‌కమ్ 10’ అనే ప్రత్యేక గుర్తింపు ఇచ్చి, అవసరమైనవారికి శిక్షణ పొడిగించారు. మన దగ్గరా లాగ్‌బుక్ ఉంది, కానీ పరీక్షార్హతలో బరువంతా మూడేళ్ల కాలానిది, హాజరుది, థీసిస్‌ది.

నార్కట్‌పల్లి కామినేని, మహబూబ్‌నగర్ ఎస్‌వీఎస్ కళాశాలలకు తోడు మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అక్కడికి వచ్చే రోగులు కూడా మారుతున్నారు. కోవిడ్‌కు స్టెరాయిడ్లు వాడిన ముగ్గురిలో తుంటి కీలులో తొడ ఎముక తల నిర్జీవమైన కేసులను ముంబై వైద్యులు 2021లోనే నివేదించారు. నీళ్లు మారినంత మాత్రాన ఫ్లోరైడ్‌కు వంగిన కాళ్లు నిటారు కావు. వీరందరికీ కావాల్సింది కోవిడ్ ఆపేసిన ఆ రెండో పాఠమే. కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం 2019, 2020 బ్యాచ్‌ల లాగ్‌బుక్‌లు తెప్పించి చూడాలి. కీళ్ల మార్పిడి, వైకల్య చికిత్సల్లో అనుభవం కొరవడినవారిని, వారిప్పుడు ఏ జిల్లాలో పనిచేస్తున్నా సరే, హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి వంటి చోట కొన్ని నెలలు సీనియర్ల పక్కన నిలబెట్టాలి.