డీజిల్ ఇంజన్ల నడుమ దేవతలు

రోమ్‌లో ఓస్తియెన్సే రోడ్డు పక్కన 1912లో మొదలైన కరెంటు కేంద్రానికి జొవాన్ని మోంతెమార్తీని పేరు పెట్టారు. కరెంటు వ్యాపారం ప్రైవేటు కంపెనీలకే వదిలేయకుండా నగరమే చేపట్టాలని పట్టుబట్టిన ఆర్థికవేత్త ఆయన. 1963లో కేంద్రం మూతపడింది. 1997లో కాపిటోలిన్ మ్యూజియం మరమ్మతులకు చోటు ఖాళీ చేయాల్సి వచ్చి, అక్కడి పాత విగ్రహాలను కొన్నాళ్లపాటు ఉంచడానికి ఈ హాళ్లలోకి తెచ్చారు. ఆ ప్రదర్శన పేరు ‘యంత్రాలు, దేవతలు’. కొన్నాళ్లకని వచ్చిన దేవతలు ఇక్కడే ఉండిపోయారు. ఇంజన్ల హాలులో 1930ల నాటి ‘తోసి’ కంపెనీ డీజిల్ ఇంజన్లు రెండు, ఒక్కొక్కటీ ఏడున్నర వేల హార్స్‌పవర్‌వి, నల్లగా మెట్లతో, కటకటాలతో అలాగే నిలబడి ఉన్నాయి. వాటి ముందు తెల్లని పాలరాతిలో గ్రీకు దేవత ఎథీనా. పాడుబడ్డ కట్టడాన్ని పురాణలోకంగా మార్చేవాళ్లు దాని పాత వృత్తిని కప్పిపెట్టకపోతేనే ఆ లోకానికి బలం వస్తుందనడానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం కనబడదు. దీనితో పోల్చి చూడండి: లండన్‌లో 2022లో వూలిచ్ ఆయుధాగారపు పాత భవనాల్లో ట్రాయ్ పతనాన్ని ‘ది బర్న్ట్ సిటీ’గా ఆడించారు. ముసుగులు తొడుక్కున్న ప్రేక్షకులు గది గదీ తిరుగుతూ చూసే నాటకం అది. మందుగుండు తయారైన చోట యుద్ధకథ ఆడించడం మంచి ఎంపికే. కానీ మసక వెలుతురులో, దట్టమైన సెట్ల మధ్య కట్టడం సొంత ముఖం ఎంత కనిపిస్తుంది?

గుడిలో ఉండాల్సిన దేవతను ఇంజన్ పక్కన నిలబెట్టడం అపచారం కాదా అని అడగవచ్చు. రోమ్‌లోని ఆ ఇంజన్ల హాలులోనే ఉన్న అపోలో సోసియానస్ గుడి శిల్పాలను చూస్తే ఆ ప్రశ్న నిలవదు. గ్రీకు వీరులు థీసియస్, హెరాక్లీస్ అమెజాన్లనే యోధురాళ్లతో తలపడే ఆ యుద్ధదృశ్యం క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దంలో గ్రీకులు తమ గుడి కోసం చెక్కుకున్నది. అగస్టస్ కాలపు రోమన్లు దాన్ని పట్టుకొచ్చి తమ గుడి నెత్తిన బిగించారు. అంటే కరెంటు కేంద్రానికి చేరేసరికే దానిది రెండో కాపురం దాటిపోయింది.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి: కార్మికులు చెమటోడ్చిన చోటు దేవతల వెనక తెరగా మిగిలిపోతుందని. ప్రమాదం నిజమే. యంత్రాలను తుక్కుకు అమ్మేసి, ఖాళీ గోడల మీద బొమ్మలు వేసి చూపించే చోట్ల జరిగేది అదే. ఇక్కడ మాత్రం ఎథీనాను చూడ్డానికి వచ్చినవాడు ఇంజన్ చుట్టూ తిరగక తప్పదు. బాయిలర్ హాలులోకి వెళ్తే పదిహేను మీటర్ల ఎత్తు బాయిలర్ ముందు విగ్రహాలే చిన్నవైపోతాయి.