నివాస స్థలాల భవన నిబంధనలు (హైదరాబాద్)

హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకునేవారు పాటించవలసిన భూవినియోగ, నిర్మాణ నియమాలు. ఏ ప్రాంతం నివాసానికి, ఏది వాణిజ్యానికి, ఏది పరిరక్షణకు అన్నది మాస్టర్ ప్లాన్ నిర్ణయిస్తుంది. స్థలంలో ఎంత మేర, ఎంత ఎత్తు కట్టవచ్చో భవన నిబంధనలు చెబుతాయి.

చరిత్ర: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2012 ఏప్రిల్ 7న జీవో 168తో ఈ నిబంధనలను జారీ చేసింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ వీటినే సవరణలతో కొనసాగించింది. ఆంధ్రప్రదేశ్ 2017లో వేరే నిబంధనలు తెచ్చుకుంది.

ప్రధానాంశాలు: చాలా నగరాల్లోలా కాక, ఇక్కడ స్థల విస్తీర్ణంతో పోలిస్తే నిర్మాణ విస్తీర్ణం ఇంత ఉండాలనే నిర్దిష్ట నిష్పత్తి లేదు. స్థల విస్తీర్ణం, ఎదుటి రోడ్డు వెడల్పు, నలువైపులా వదలవలసిన ఖాళీ (సెట్‌బ్యాక్) కలిసి భవనం ఎత్తుకు హద్దు గీస్తాయి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల అంచు నుంచి 30 మీటర్ల వరకు, చిన్న చెరువులకైతే 9 మీటర్ల వరకు కట్టడాలు నిషిద్ధం.

అనుమతులు: 2020 నాటి టీఎస్-బీపాస్ (తెలంగాణ భవన అనుమతులు, స్వీయ ధ్రువీకరణ విధానం) చట్టం ప్రకారం 75 చదరపు గజాలలోపు స్థలంలో నేల అంతస్తు, దానిపై మరొక అంతస్తు వరకు ఇంటికి అనుమతి అక్కరలేదు, ఒక్క రూపాయితో నమోదు చాలు. 500 చదరపు మీటర్లలోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణతో తక్షణ అనుమతి లభిస్తుంది. అంతకు మించితే 21 రోజుల్లో నిర్ణయం వెలువడాలి.

ప్రాధాన్యం: వదిలిన ప్రతి అడుగూ పొరుగింటికి గాలి, వెలుతురు; ఆపదవేళ అగ్నిమాపక సిబ్బందికి దారి. చెరువు అంచున పాటించిన దూరమే వానాకాలంలో బస్తీని ముంపు నుంచి కాస్తుంది.